మోజెస్ అన్న చేతిలో నేను పెట్టిన గ్లాసు

నిన్న పొద్దున షాపు షటర్ సగం ఎత్తానో లేదో ఫోన్ మోగింది. రూతు వదిన, మోజెస్ అన్న భార్య.

"శ్రీనూ, మీ అన్న పోయిండు" అంది. ఏడవలేదు.

షటర్ అలాగే వదిలేసి షాపు మెట్టు మీద కూర్చుండిపోయాను. రెజిమెంటల్ బజార్ అంతా నా ముందే తిరుగుతోంది. పక్క షాపు ఆయన నీళ్లిచ్చాడు. తాగానో లేదో గుర్తు లేదు.

హాస్పిటల్లో చేరి పదకొండు రోజులు. రేపోమాపో అని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. అయినా షాక్ షాకే.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. మోజెస్ అన్న నాకు బంధువు కాదు. బన్సీలాల్‌పేట్‌లో మా బిల్డింగ్‌లోనే పై ఫ్లోర్. బేగంపేటలో ఒక పెద్ద హోటల్లో ఇరవై ఏళ్లకు పైగా చేశాడు. గెస్ట్ ఏం ఆర్డర్ చేశాడో చూసి, దానికి ఏ వైన్ బాగుంటుందో చెప్పి పోయడం ఆయన డ్యూటీ.

ఉద్యోగం మానేశాక ఆ విద్యను టీవీ మీదకు మళ్లించాడు.

"తిండికి జోడీ ఉంటది గదా తమ్మీ. కథకు సుత ఉంటది" అనేవాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనం అయ్యాక, రెండింటికి వాళ్లింట్లో చేరేవాళ్లం. అన్న, నేను, మా ఫ్లోర్‌లోని ఇద్దరు ఫ్రెండ్స్. కొత్త సిరీస్ ఏదైనా వస్తే మొదటి ఎపిసోడ్ ఆయన ముందే ఒక్కడే చూసేసి, ఏ వైన్ తీయాలో తేల్చుకునేవాడు.

ఒకసారి మర్డర్ కథకు నోరంతా పిడచకట్టుకుపోయే రెడ్ వైన్ పోశాడు. ఇదేం టేస్ట్ అన్నా అంటే, "చంపినోడు దొరికేదాంక నోరు గిట్లనే ఎండాలె" అన్నాడు సీరియస్‌గా.

నేను ఫ్రిజ్ నుంచి ఐస్ తెచ్చి అందులో వేసుకున్నాను. అన్న టీవీ ఆపేశాడు. నా గ్లాసు తీసుకెళ్లి సింక్‌లో ఒంపి, కడిగి, తుడిచి, మళ్లీ పోసి తెచ్చి చేతికిచ్చాడు. అప్పుడు ప్లే నొక్కాడు.

అలాంటి మనిషి.

ఇక రాయడానికి కష్టమైనది.

మూడు నెలల క్రితం, ఒక కొత్త ఫ్యామిలీ డ్రామా మొదలుపెట్టిన ఆదివారం. మంచినీళ్ల కోసం వాళ్ల వంటింట్లోకి వెళ్లాను. స్టవ్ పక్కన నల్లద్రాక్ష జ్యూస్ బాటిల్, దాని పక్కనే అన్న గ్లాసు, సగం నిండి ఉంది.

నాకు నవ్వొచ్చింది. ఆ గ్లాసు హాల్లోకి పట్టుకొచ్చాను.

"చూడుండ్రి, హోటల్ల అందరికీ వైన్ పోసినాయన, ఇంట్ల జ్యూస్ తాగుతుండు!"

అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. "కడుపుల జెర తక్లీఫ్ ఉంది తమ్మీ, ఇయ్యాల వద్దు" అన్నాడు.

నేను వినలేదు. అసలు వైన్ పోసి ఆయన చేతిలో పెట్టాను. "ఫస్ట్ ఎపిసోడ్ అన్నా. ఒక్క గ్లాస్‌కు ఏం గాదు."

అన్న వంటింటి వైపు చూశాడు. వదిన ఇంట్లో లేదు, చర్చిలో మహిళల మీటింగ్‌కు వెళ్లింది.

తాగాడు. నేను చప్పట్లు కొట్టాను.

ఆయన లివర్ పాడైందని, ఒక్క చుక్క కూడా తాగకూడదని డాక్టర్ చెప్పాడని నాకు తెలియదు. అప్పటికి ఏడు నెలలుగా మాకు వైన్ పోసి, తను జ్యూస్ తాగుతూ మా మధ్యే కూర్చున్నాడని తెలియదు. మా ఆదివారాలు ఆగిపోకూడదని చెప్పలేదట.

ఆ రోజు తర్వాత వదినకు తెలియకుండా మళ్లీ తాగడం షురూ చేశాడు.

ఇవన్నీ హాస్పిటల్ కారిడార్‌లో వదిన చెబితే తెలిశాయి. అప్పటికి అన్న రెండుసార్లు రక్తం కక్కుకున్నాడు. కళ్లు పసుపు పచ్చగా అయిపోయాయి. కడుపు ఉబ్బిపోయింది.

లోపలికి వెళ్లి, "నేనే పోసిన గదా అన్నా" అన్నాను.

"నువ్వు పోసింది ఒక్కటే" అన్నాడు, ఆగి ఆగి. "మిగిలినయన్నీ నేనే పోసుకున్న. ఊకె పరేషాన్ గాకు."

నా కోసం అన్నాడు. నాకు తెలుసు.

ఈరోజు ఉదయం భూస్థాపన అయింది. అందరూ వెళ్లిపోయాక వదిన నన్ను పిలిచింది.

"అల్మారల సీసాలు మిగిలినయి. నేను ముట్ట. నువ్వే తీసెయ్యి."

నువ్వే అంది. కోపంతో అందో, ఇంకెవరికి చెప్పాలో తెలియక అందో అడిగే ధైర్యం నాకు లేదు.

ఆరు సీసాలు. ప్రతి సీసా మెడకు రబ్బర్‌బ్యాండ్‌తో ఒక చీటీ, అన్న చేతిరాత. ఇంకా రిలీజ్ కాని సిరీస్‌లకు కూడా ట్రైలర్లు చూసి ముందే రాసి పెట్టుకున్నాడు. ఒకదాని మీద ఇలా ఉంది: "కోర్టు కథ. శ్రీను రెండో ఎపిసోడ్‌కే ఏడుస్తడు. తేలికది చాలు."

ఒక్కొక్కటీ మూత తీసి సింక్‌లో ఒంపేశాను. వదిన గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. ఆరూ అయ్యాక చెయ్యి చాపింది.

"చీటీలు ఇటియ్యి."

ఇచ్చాను. కొంగు ముడిలో కట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. రెండు రోజుల్లో మొదటిసారి.

ఇది పోస్ట్ చేయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మన సర్కిల్‌లో ఎవరైనా ఈరోజు వద్దు అంటే, దయచేసి నవ్వకండి. ఎందుకని అడగకండి. వదిలేయండి.

అన్నా, నువ్వు క్షమించావు. నేను ఇంకా నన్ను క్షమించుకోలేదు.

నొప్పి లేని చోట హాయిగా పడుకో. నీ దేవుడు నీకు శాంతినివ్వాలి, రూతు వదినకు బలాన్నివ్వాలి.

పోయిరా అన్నా.