దివిసీమ గుమ్మాల్లో ఇత్తడి పేర్లు

ఆమధ్య తోటి టీచర్లతో జర్మనీ వెళ్ళినప్పుడు, బెర్లిన్‌లో ఒక ఇంటి ముందు కాలిబాటలో పొదిగిన ఇత్తడి బిళ్ళలు చూశాను. నాజీలు ఆ ఇంట్లోంచి పట్టుకుపోయి చంపిన యూదుల పేర్లు వాటి మీద ఉన్నాయి. చదవాలంటే తల వంచాలి. నాకు దివిసీమ గుర్తొచ్చింది. డెబ్భై ఏడు ఉప్పెనలో మా పెద్దమ్మ అక్కడే పోయింది. అప్పటికి నేను పుట్టలేదు. ఆవిడ ఫొటో ఒక్కటీ మిగల్లేదు. ఆవిడ ఊళ్ళో పోయినవాళ్ళ పేర్లతో అలాంటి బిళ్ళలే చేయించాలనుకున్నాను.

ఉదయం ఏడున్నరకి గుడివాడలో బందరు రైలెక్కి చిలకలపూడిలో దిగాను. రోల్డ్‌గోల్డ్ గాజులు చేసే ఆచారి గారు పదకొండు బిళ్ళలు గుడ్డలో చుట్టి ఉంచారు.

"గాజులకైతే చెయ్యి దానంతటదే పోతుందమ్మా. ఇవి చెక్కుతుంటే పేరు పేరుకీ ఆగాను," అన్నారు.

పదింటికి బందరులో అవనిగడ్డ బస్సు. పక్కన ఖాళీ చేపల గంపతో కూర్చున్నావిడ నా సంచిలో ఏముందో అడిగింది. చెప్పాను.

"కాళ్ళ దగ్గర పెట్టావేంటమ్మా! ఒళ్ళో పెట్టుకో," అంది.

పెట్టుకున్నాను గానీ, ఎందుకన్నదో ఆలోచించలేదు.

అవనిగడ్డలో బస్సు మారి, కోడూరు నుంచి ఆటోలో పాలకాయతిప్ప వైపు ఉన్న పెద్దమ్మ ఊరు చేరేసరికి ఒంటిగంట. ఈ దారిన వెళ్ళేవాళ్ళు కోడూరులోనే భోంచెయ్యడం మంచిది. నాకు మాత్రం వెంకటేశ్వరమ్మ గారు వంకాయ, ఎండురొయ్యల కూరతో అన్నం పెట్టారు. ఉప్పెనలో తల్లినీ తమ్ముడినీ పోగొట్టుకున్న మనిషి. ఫోన్లో నాకు పేర్లన్నీ చెప్పింది ఆవిడే. బిళ్ళలు నేలలో పెడతామని నేను చెప్పనేలేదు.

చెయ్యి కడుక్కున్నాక చెప్పాను. ఆవిడ మొహం మారిపోయింది.

"మా తమ్ముడి పేరు మీద కాలేసి నడవమంటారా టీచర్ గారూ?"

"వంగి చదువుతారని..."

"చదువుకున్నోళ్ళు వంగుతారు. మేకలు తొక్కుతాయి."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ కాగితాల మీద గీసుకున్నాను గానీ, ఒక్కరినీ అడగలేదు. బిళ్ళలు తిరిగి మూట కడుతుంటే ఆవిడ ఆపి, తమ్ముడి బిళ్ళ తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళారు. ద్వారబంధానికి తన నడుము ఎత్తున ఆనించి పట్టుకున్నారు.

"ఇంతే ఉండేవాడు. ఇక్కడ కొట్టండి."

కబురు తెలిసి ఇరుగుపొరుగు వచ్చారు. సిమెంటులో పాతడానికి చేయించినవి కాబట్టి బిళ్ళలకు చిల్లులు లేవు. ఎలక్ట్రీషియన్ ఒకాయన డ్రిల్లింగ్ మిషన్ తెచ్చాడు. ఇంటింటికీ తిరుగుతుంటే ఎత్తుల దగ్గర ఒకటే వాదన. "మా మావయ్య అంత పొట్టేం కాదు, పైకి జరుపు!" అని ఒకావిడ. "నీ పెళ్ళికి ముందే పోయాడు, నీకేం తెలుసు?" అని ఆవిడ మొగుడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

చివరికి పెద్దమ్మ బిళ్ళ మిగిలింది. ఆవిడ ఇల్లున్న చోట ఇప్పుడు వేరేవాళ్ళు ఉంటున్నారు. వాళ్ళు కాదనలేదు. కానీ ఎంత ఎత్తున పెట్టాలో నాకు తెలియదు.

"మీ పెద్దమ్మా? నాకు జడలేసేది," అన్నారు వెంకటేశ్వరమ్మ గారు. నన్ను గుమ్మానికి ఆనించి నిలబెట్టి, నా భుజం పక్కన గీత పెట్టారు. "ఇదిగో, ఇంతే. పొట్టిది, గుండ్రంగా ఉండేది."

ఐదుంపావుకి కోడూరులో తిరుగు బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. మోపిదేవి దాటేదాకా, పొట్టిగా గుండ్రంగా ఉండే ఒక మనిషి నా పక్కన కూర్చుంటే తల ఎక్కడికి ఆనుతుందో చూసుకుంటూనే ఉన్నాను.