రెక్కలన్న మొదటి పుస్తకం

నా చిన్నప్పుడు, ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగే చోటికి కాస్త అవతల, ద్రాక్ష తోటలు ఉండేవి. నేలలో పాతిన రాతి కడీల మీద తీగలు పాకించి పందిళ్లు వేసేవారు. అట్లాంటి పందిరి ఒకటి ఎక్కి, గుత్తి అందుకోబోయి, కిందున్న బండ మీద పడ్డాను. తొడ ఎముక విరిగింది. మలక్‌పేట దవాఖానలో సిమెంటు కట్టు కట్టారు. ఆ ఎండాకాలమంతా నాకు నులక మంచమే ఇల్లూ వాకిలీ అయ్యింది.

కట్టు విప్పిన రోజు నా కాలు చూసి నేనే జడుసుకున్నాను. పుల్లలాగా సన్నబడి, తోలు పొట్టు లేచి, ఎవరిదో తెచ్చి అతికించినట్టు ఉంది. ఎముక అతికింది, ఇక నడిపించండి, ఇప్పుడు నడవకపోతే మోకాలు ఇట్లాగే బిగుసుకుపోతుందని డాక్టరు మా అమ్మకు గట్టిగా చెప్పి పంపాడు. నేను మాత్రం కాలు కింద పెట్టలేదు. పెడితే మళ్లీ టక్కున విరుగుతుందని నా భయం. ఎముక విరిగిన చప్పుడు విన్నదాన్ని నేను. చెప్పేవాళ్లెవరూ ఆ చప్పుడు వినలేదు కదా.

మావాళ్లు చేయని ప్రయత్నం లేదు. నాయనమ్మ నువ్వుల నూనె కాచి పొద్దునా సాయంత్రం రుద్దింది. నాయన జిలేబీ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి రమ్మన్నాడు. నేను పిర్రల మీద జరుగుతూ పోయి జిలేబీ తిని, అట్లాగే జరుగుతూ వెనక్కి వచ్చాను. అమ్మ చంకల్లో చేతులు వేసి నిలబెడితే మోకాళ్లు ముడుచుకుని ఆమె చేతుల మీద వేలాడేదాన్ని. ఒకరోజు కొట్టింది. కొట్టి, తనే ఏడ్చింది. నల్లగొండ పల్లె నుంచి బతుకుదెరువుకు వచ్చి, ఒక్క గది కిరాయికి తీసుకుని, అమ్మా నాయనా ఇద్దరూ మట్టిపనికి పోయేవాళ్లు. నన్ను ఎత్తుకుని తిరగడానికి వాళ్లకు పొద్దెక్కడిది? వాడకట్టు పిల్లలు నన్ను కుంటిది అనడం మొదలుపెట్టారు. ఆ మాట చెవిన పడిన రోజు అమ్మ అన్నం ముట్టలేదు.

మా గదుల మధ్య ఒకటే వాకిలి, వాకిట్లో ఒకటే నల్లా. నల్లాకు అవతల గదిలో గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లు ఉండేవారు. వాళ్ల పెద్దమ్మాయిని నేను అక్క అనేదాన్ని. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చుంది. ఎవరన్నా దాని గురించి అడిగితే ముఖం మాడ్చుకుని లోపలికి పోయేది. మాతో మటుకు నవ్వుతూ ఉండేది. ఆమె మాట మాకు వింతగా ఉండేది, మా మాట ఆమెకు వింతగా ఉండేది. నేను 'ఏంది' అంటే ఆమె 'ఏంటి' అని దిద్దేది, నేను కావాలనే మళ్లీ 'ఏంది' అనేదాన్ని.

ఒకరోజు అక్క ఒక బొమ్మల పుస్తకం పట్టుకుని నా మంచం మీదకు వచ్చి కూర్చుంది. అట్ట సగం చిరిగింది. మిగిలిన సగం మీద ఒక మనిషి, చేతుల కింద ఇనుప రెక్కలు, వెనక ఉరుముతున్న ఆకాశం. ఇది మొదటి పుస్తకమనీ, కథ ఇక్కడే పుట్టిందనీ చెప్పింది. నాకు అక్షరాలు రావు. అప్పుడూ రావు, ఇప్పుడూ నా పేరు రాసుకునేంత వరకే. అక్క బొమ్మ మీద వేలు పెట్టి, ఆ మనిషి నోటి దగ్గరున్న బుడగలో మాటలు చదివేది. ఎవరు మాట్లాడితే వాళ్ల గొంతు పెట్టేది. పిడుగు పడితే 'ఫెళఫెళ' అని ఎంత గట్టిగా అరిచిందంటే నల్లా దగ్గర నీళ్లు పట్టే ఆమె బిందె వదిలేసింది.

అట్ట మీది ఆ మనిషి గడియారం గోపురంలో ముళ్లకు నూనె వేసేవాడు. ఒక వానరోజు గోపురం మీద పిడుగు పడి, గడియారం ఇనుమంతా కరిగి ఆయన చేతులకు రెక్కలై అతుక్కుంటుంది. పుస్తకంలో ఆయనకు పెద్ద పేరే ఉంది, మా నోటికి తిరగలేదు. రెక్కలన్న అన్నాము. రెక్కలు వచ్చాయి కదా, ఇక ఎగిరి దొంగల పని పడతాడని నేను అనుకున్నాను. పడతాడు నిజమే, దొంగల మీద కాదు, గడ్డివాము మీద పడతాడు. తర్వాత పేజీలో బర్రెల మధ్య. ఆ తర్వాత ఎవరింటి పెంకుల మీదనో. పడినప్పుడల్లా 'ధబేల్' అని అక్షరాలు బొమ్మంతా పరుచుకుని ఉండేవి. నేను ఒళ్లు మరిచి నవ్వాను. ఆ నవ్వు మధ్యలో అక్క పుస్తకం మూసేసి, మిగతాది రేపని వెళ్లిపోయింది.

మర్నాడు ఆమె మంచం దగ్గరకు రాలేదు. మా గడప మీద కూర్చుంది. లోపల చీకటిగా ఉంది, అక్షరాలు కనిపించట్లేదంది. నేను జరుగుతూ గడప దాకా పోయాను. ఆ మర్నాడు నల్లా గద్దె మీద కూర్చుంది. అక్కడింకా వెలుతురు బాగుందట. వాకిట్లో కంకర పోసి ఉంది, జరుగుతూ పోతే పిర్రలు గీసుకుపోతాయి. రెక్కలన్న అప్పుడు వంతెన మీద నిలబడి ఉన్నాడు, కింద పడవ మునుగుతోంది. గోడ పట్టుకుని లేచాను. మంచి కాలు మీద గెంతుతూ, రెండోది ఊరికే నేలకు ఆనిస్తూ పోయాను. అక్క పుస్తకంలో నుంచి తల ఎత్తలేదు. రోజులు గడిచేకొద్దీ ఆమెకు కావలసిన వెలుతురు దూరం జరుగుతూనే ఉంది. నల్లా నుంచి వాళ్ల అరుగుకు, అరుగు నుంచి వీధి తలుపుకు.

నేను మరీ అంత పిచ్చిదాన్ని కాదు. ఒకరోజు అడిగేశాను.

"నన్ను నడిపియ్యనీకెనా అక్కా గిదంతా?"

"నాకేం పని నిన్ను నడిపించడానికి? కళ్లజోడు కొనిపెట్టు, నీ మంచం మీదే కూర్చుని చదువుతాను."

చివరి పేజీ మిగిలిన రోజు అక్క వీధి దాటి, ఎదురుగా ఉన్న బండరాయి మీదకు పోయి కూర్చుంది. అప్పుడు ఆ వీధిలో ఎద్దుబండో సైకిలో తప్ప ఏమీ పోయేవి కావు. ఆరోజు అమ్మకు పని లేదు, వాకిట్లో గిన్నెలు తోముతోంది. తలుపు దాటితే పట్టుకోవడానికి గోడ లేదు. చాలాసేపు నిలబడ్డాను. తర్వాత నడిచాను. రెండు కాళ్లూ పెట్టే నడిచాను. సగం వీధిలో మోకాలు మడత పడి బోర్లా పడ్డాను.

నోట్లోకి దుమ్ము పోయింది. అమ్మ చేతులకు బూడిదతోనే ఉరికి వచ్చింది. బండ మీద నుంచి అక్క అరిచింది.

"ముట్టుకోకండి పిన్నిగారూ. విరగలేదు. లేస్తుంది."

"నీ బిడ్డ అయితే గిట్లనే కూసొని సూస్తవా?" అంది అమ్మ.

అక్క బండ దిగలేదు. అమ్మ నా పక్కనే నిలబడి, వంగబోయి ఆగి, మళ్లీ వంగబోయి ఆగింది. నేను చెవి పెట్టి విన్నాను, కాలులో ఏ చప్పుడూ లేదు. నొప్పి ఉంది, చప్పుడు లేదు. చేతులు నేలకు ఆనించి లేచాను. అమ్మ వైపు చూడలేదు, చూస్తే ఆమె మీద పడిపోతానని తెలుసు. బండ దాకా పోయాక చూశాను, అక్క రెండు చేతులూ ఒళ్లో గట్టిగా ముడుచుకుని ఉంది. గోళ్లు దిగి అరచేతి మీద ఎర్రటి గాట్లు పడ్డాయి.

చివరి బొమ్మలో రెక్కలన్న గోపురం మీది నుంచి తలకిందులుగా పడిపోతున్నాడు. రెక్క ఒకటి ఊడి గాలిలో ఉంది. కింద మూలన ఒకే ఒక్క మాట. అక్క చదివింది: సశేషం.

మా ఊళ్లో శేషం అని ఒక మోతుబరి ఉండేవాడు. ఎవరి గొడ్డు తన చేలో పడ్డా బందెలదొడ్డికి తోలించేవాడు. ఆ పేరు వింటే పిల్లలం దాక్కునేవాళ్లం. నాకు ఆయనే గుర్తొచ్చాడు.

"గా సశేషమెవడు? రెక్కలన్నను నూకింది వాడేనా?"

అక్క పడీపడీ నవ్వింది. కళ్ల నీళ్లు తుడుచుకుని, అది మనిషి పేరు కాదనీ, కథ ఇంకా ఉందని అట్లా రాస్తారనీ చెప్పింది.

"ఇంకేముంటది? పడిపోయిండు గద."

"పడుతున్నట్టు బొమ్మ వేశారు. చచ్చిపోయాడని ఎక్కడా రాయలేదు."

రెండో పుస్తకం తెమ్మన్నాను. లేదంది. ఈ ఒక్కటే ఎవరో పాత కాగితాల్లో పడేస్తే తెచ్చుకుందట. తర్వాత ఏమైందో ఆమెకూ తెలియదు. నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం నడిపించి, దుమ్ము తినిపించి, ఆఖరికి చేతిలో ఏమీ పెట్టలేదు. నీతో మాట్లాడనన్నాను. సరే, ఇంటికి పో అంది. ఎత్తుకోనూ లేదు, చేయీ ఇవ్వలేదు. నేను వెనక్కి తిరిగి, ఏడుస్తూ, ఆమెను తిట్టుకుంటూ ఆ వీధి దాటాను. గడప ఎక్కి మంచం మీద కూర్చున్నాక గానీ, ఈసారి పడలేదన్న సంగతి నాకు తెలియలేదు. వచ్చేటప్పుడు కాలు గురించి తలుచుకోనే లేదు. అమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ సాయంత్రం ఆమే సర్వపిండి కాల్చి, అక్కకు ఇచ్చి రమ్మని నా చేతికే ఇచ్చింది.

మరుసటి ఏడాది అక్క ఇంటర్ పాసైంది. వాళ్ల నాయనకు బదిలీ అయి వెళ్లిపోయారు. రెక్కలన్న సంగతి నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత పెళ్లి, పిల్లలు. మా ఆయన ఆటో నడిపేవాడు. ఎల్‌బీ నగర్ దగ్గర ఇల్లు నిలబెట్టుకున్నాక, ఒక పొద్దున ఆయన గుండె ఆగిపోయింది. మా బిడ్డ అప్పటికి కాలేజీలో చదువుతోంది. దినాలు అయిపోయినా అది గోడవైపు తిరిగి పడుకునే ఉండేది, తినదు, పలకదు. చుట్టాలు వచ్చి తల నిమిరి ఏడిపించి పోయేవాళ్లు. నాకూ పక్కనే పడుకోవాలనిపించింది. పడుకుంటే ఇద్దరమూ లేవమని తెలుసు. చింతపండు మూట తీసుకుని గడప మీద కూర్చున్నాను, దానికి కనిపించేలా. గింజలు తీస్తూ, పలకరించకుండా. చాలా రోజులు ఒక్కదాన్నే తీశాను. ఒకరోజు అది లేచి వచ్చి నా ఎదుట కూర్చుని, ఒక రెబ్బ చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు అది నలుగురు పిల్లలకు పాఠాలు చెబుతోంది.

ఎవరన్నా పడితే నా చేతులు ఇప్పటికీ ముందుకే ఉరుకుతాయి. వాటిని ఒళ్లో పెట్టుకుని, వాళ్లకు కనిపించేంత దూరంలో కూర్చుంటాను. ఎత్తుకోవడం సులువు. కూర్చోవడమే కష్టం. కూర్చుంటాను.