పచ్చ రుమాలు ముడి

ఆరేళ్ళుగా నా షాపు అద్దాల బీరువా పై అరలో ఒక షీల్డు ఉంది. చేత్తో ఎత్తితే కొబ్బరికాయంత బరువు కూడా ఉండదు. అయినా నేను దాన్ని మోయలేకపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఎదురుగా కూర్చుంటే ఈ మాట నా నోట రాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చివరిదాకా చదవండి. మధ్యలో నా మీద జాలి పడకండి. నేను జాలి పుట్టేలా చెప్పడంలో కొంచెం గట్టివాణ్ణి.

మాది ప్రొద్దుటూరు. ఫొటోలు తీయడం నా బతుకుతెరువు. ఇటు జమ్మలమడుగు, అటు పులివెందుల దాకా పెళ్ళిళ్ళకు నన్నే పిలిచేవారు. గండికోటలో కొత్త జంటల్ని నిలబెట్టి, వెనక పెన్న లోయ కనిపించేలా ఫొటోలు తీయడం ఈ చుట్టుపక్కల మొదలుపెట్టిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. గొప్ప కోసం చెప్పడం లేదు. కాదు, గొప్ప కోసమే చెబుతున్నాను. చూశారా, ఇప్పుడు కూడా మానుకోలేకపోయాను.

మా పనిలో అసిస్టెంటుకు పేరుండదు. పెళ్ళివాళ్ళు ఫోన్ చేసి ఎంతమంది మనుషులొస్తారని అడుగుతారు. ముగ్గురు మనుషులని మేం చెబుతాం. అంతే, వాళ్ళు మనుషులు. మనిషి తీసిన ఫొటో బాగుంటే అది స్టూడియో ఫొటో, చెడిపోతే ఆ మనిషి ఫొటో. ఆల్బం ఆఖరి పేజీలో నా పేరు, నా నంబరు. ఇందులో తప్పుందని మాలో ఎవరికీ తోచదు. నేనూ ఒకాయన దగ్గర ఏడేళ్ళు లైటు పట్టుకున్నవాణ్ణే. కెమెరా తుడవనిచ్చేవాడు గాని బటన్ మీద వేలు పెట్టనిచ్చేవాడు కాదు మహానుభావుడు. సొంత షాపు పెట్టుకున్న రోజున ఆయనలా మాత్రం ఉండనని ఒట్టు పెట్టుకున్నాను. చాలా కాలం ఆ ఒట్టు నిలబెట్టుకున్నాననే అనుకున్నాను.

నసీమా అంటాను, అది ఆమె అసలు పేరు కాదు. భర్త కువైట్‌లో డ్రైవరు. ముప్ఫై దాటిన మనిషి. ఆల్బం పేజీలు అతికించే పనికి నా షాపులో చేరింది. ముస్లిం ఇళ్ళల్లో పెళ్ళయితే ఆడవాళ్ళ వైపు మగవాళ్ళం పోకూడదు కదా. నేను బయట నిఖా ఫొటోలు తీసుకుని వచ్చేసేవాణ్ణి. లోపల ఎవరో ఒక పిల్ల ఫోనుతో తీసిన మసక ఫొటోలే ఆ పెళ్ళికూతురికి మిగిలేవి. ఒకసారి ఒక తల్లి ఆ మాటే చెప్పుకుని బాధపడితే, నసీమాకు కెమెరా నేర్పించాను. ఆరు నెలల్లో నేర్చుకుంది. అబ్బా, ఆ సంగతి ఎంతమందికి చెప్పుకున్నానో! నేర్పించిన నా గొప్పే గాని, నేర్చుకున్న ఆమె గొప్ప ఒక్కరికీ చెప్పలేదు.

దానికి మేమొక పద్ధతి పెట్టుకున్నాం. ఆడవాళ్ళ వైపు ఫొటోలు ఆమే తీస్తుంది, ఆమే చూస్తుంది. షాపు వెనక తెర కట్టిన మూలలో ఆమెకో కంప్యూటరు, ఒక చిన్న ప్రింటరు. పని పూర్తయ్యాక అన్నీ పెళ్ళికూతురి తల్లి చేతికిచ్చి, ఆమె కళ్ళ ముందే కంప్యూటర్లో ఉన్నవి తుడిచేస్తుంది. అప్పటిదాకా మెమరీ కార్డు ఒక పచ్చ రుమాలులో, రెండు ముళ్ళ కింద, ఆమె సంచిలోనే ఉంటుంది. నాతో సహా ఏ మగవాడూ ఒక్క ఫొటో చూడకూడదు. ఇంటింటికీ పోయి ఈ మాట ఇచ్చింది నేనే. ఆ మాట మీదే మూడు ఊళ్ళ పెళ్ళిళ్ళు నా షాపుకొచ్చాయి.

జమ్మలమడుగులో ఒక పెళ్ళి. పిల్లను ఇచ్చింది పులివెందులకు. పని ముగించి సామాను సర్దుతుంటే పెళ్ళికూతురి తల్లి తలుపు దగ్గర నిలబడి, నా ఫొటోల కంటే నసీమావే బాగుంటాయని ఆడవాళ్ళంతా అనుకుంటున్నారని నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ప్రొద్దుటూరు వచ్చేదాకా నా పళ్ళ మధ్య ఇరుక్కునే ఉంది. దారిలో నసీమాకు ఫోనొచ్చింది, వాళ్ళమ్మ పడిపోయిందని. ఆసుపత్రి దగ్గర దిగిపోతూ రుమాలు నా చేతిలో పెట్టింది. బీరువాలో పెట్టమంది, రేపొచ్చి తీసుకుంటానంది. ఆ ఒక్కసారే దాన్ని ఇంకొకరి చేతికిచ్చింది.

మరునాడు మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. ముడి విప్పాను.

ఎందుకు విప్పాను? కార్డు చెడిపోయిందేమో చూద్దామని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాకంటే బాగా తీస్తుందన్న మాట నిజమో కాదో చూడాలి, అదీ నా దురద. ఒకటి చూసి ఆపానా? లేదు. కార్డు మొత్తం చూశాను. నలభై మంది ఆడవాళ్ళు, మగవాడు లేడన్న ధైర్యంతో తలల మీద ముసుగుల్లేకుండా నవ్వుకుంటూ, పాడుకుంటూ, ఒకరి జడ ఒకరు లాగుతూ ఉన్నారు. వాళ్ళలో ప్రతి ఒక్కరినీ చూశాను.

ఆ ఫొటో అందులోనే ఉంది. పెళ్ళికూతురు రెండు చేతులకూ తడి గోరింటాకు. చేతులు గాల్లో పట్టుకుని కూర్చుంది. ముక్కు దురద పుట్టినట్టుంది పాపం, తల్లి వంగి కొనవేలితో గోకుతోంది. పిల్ల కళ్ళు మూసుకుని నవ్వుతోంది. తల్లి కూడా నవ్వుతోంది గాని ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. కిటికీ వెలుతురు సరిగ్గా ఆ వేలి మీద పడింది. అంతే ఫొటో. పాతికేళ్ళ నా పనిలో అలాంటిది ఒక్కటీ తీయలేదు నేను. నేర్పినవాడిగా నాకు సంతోషం కలగాలి కదా? కలగలేదు. కళ్ళు కుట్టాయి. కడుపు మండింది. ఆ ఒక్క ఫొటో నా కంప్యూటర్లోకి ఎక్కించుకుని, మళ్ళీ రెండు ముళ్ళూ వేసి రుమాలు బీరువాలో పెట్టాను.

ఫొటోగ్రాఫర్ల పోటీ ఒకటి జరిగితే దాన్ని నా పేరు మీద పంపాను. అసిస్టెంటు తీసింది ఓనరు పేరుతో పోవడం మాలో మామూలే కదా అని సర్దిచెప్పుకున్నాను. మొదటి బహుమతి వచ్చింది. శాలువా కప్పారు, షీల్డు ఇచ్చారు. షాపులో అందరికీ మిఠాయి పంచాను. నసీమా తన ముక్క నోట్లో వేసుకుని, ముఖమంతా నవ్వు చేసుకుని అడిగింది.

"ఏ ఫొటోకు వచ్చిందన్నా?"

"గండికోటలో తీసింది లేమ్మా."

తాను తీసిన ఫొటోకు తానే మిఠాయి తిని, నాకే శుభాకాంక్షలు చెప్పి, తెర వెనక్కి పోయి పని చేసుకుంది. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తోంది.

వారం తిరిగిందో లేదో, బహుమతి ఫొటోల ప్రదర్శన పెట్టిన హాల్లో గోడకు తగిలించిన ఆ ఫొటోను ఎవరో ఫోనుతో తీసి గ్రూపుల్లో పెట్టారు. అది తిరిగి తిరిగి పులివెందులలో ఆ పిల్ల అత్తగారింటికే చేరింది. పిల్ల తల్లీతండ్రీ జమ్మలమడుగు నుంచి నా షాపుకొచ్చారు. తండ్రి నెమ్మదస్తుడు, కేకలెయ్యలేదు. వేసి ఉంటే నాకు కాస్త సులువయ్యేది.

"ఏందప్పా ఇది? మా పాప ఫొటో ఊరందరి ఫోన్లలో తిరుగుతాంది. అత్తగారింట్లో పాప తలెత్తలేక పోతాంది. నీ మాట నమ్మే కదా మేం పిలిచింది?"

ఒక్క నిమిషం టైముంది నాకు. నిజం నాలుక మీదికి వచ్చింది కూడా. అప్పుడు మూడు ఊళ్ళూ కళ్ళ ముందు కనబడ్డాయి. ఇక ఒక్క ఇంటి గడప కూడా తొక్కలేనని అర్థమైంది.

"నాకేం తెలుసు మామా. ఇంట్లో వాళ్ళు ఒప్పుకున్యారని చెప్పి నసీమానే ఇచ్చింది. ఆ మాట నమ్మి పంపించినా."

తెర కదిలింది. నసీమా బయటికొచ్చింది. అంతా విన్నది. నా వైపు చూసింది, తర్వాత బీరువా వైపు చూసింది. రుమాలు ఆ రోజు ఎవరి చేతిలో పెట్టిందో, తర్వాత ఏం జరిగిందో ఆ క్షణంలోనే ఆమెకు తెలిసిపోయింది.

"నిజమేనా నసీమా? మేం యాడ ఒప్పుకున్యాం?" అంది పెళ్ళికూతురి తల్లి.

నసీమా నోరు తెరిస్తే నా పని అయిపోయినట్టే. బల్ల మీది కవర్లు సర్దుతున్నట్టు నటించాను.

"నాదే తప్పు ఖాలా. మాఫ్ చేయండి," అంది నసీమా ఆ తల్లితో.

ఆ తల్లి ఏడ్చింది. కూతుర్నే నీ చేతిలో పెట్టినట్టు నమ్మామే అంది. నసీమా తల వంచుకుని ఆ మాటలన్నీ పడింది. వాళ్ళు వెళ్ళిపోతూ నాకు నమస్కారం పెట్టారు. నాకు!

వాళ్ళు పోయాక నసీమా తన కంప్యూటరు ఆపి, సంచి భుజానికి తగిలించుకుంది. నేను ఏదో అనబోయాను. కృతజ్ఞతలు చెప్పబోయానేమో, సిగ్గులేనివాణ్ణి.

"నీ కోసం ఊరుకున్యాననుకోవద్దన్నా. కార్డంతా నువ్వు చూసినావని తెలిస్తే ఆయమ్మ తట్టుకుంటాదా? ఒక్క ఫొటోకే ఇంత ఏడ్చె. ఆ ఇంట్లో నలభై మంది ఆడోళ్ళుండారు. వాళ్ళ కోసం ఊరుకున్యా."

అంతే. పచ్చ రుమాలు నా బల్ల మీదే వదిలేసి పోయింది.

ఆ తర్వాత మూడు ఊళ్ళలో ఒక్క పెళ్ళికి కూడా ఆమెను పిలవలేదు. ఇప్పుడు ఇంట్లో మిషను కుట్టుకుంటోంది. ఒకసారి బట్టల కొట్లో ఎదురైతే "బాగుండావా అన్నా?" అని అడిగి లైనింగ్ గుడ్డ కొనుక్కుని పోయింది. ఆ చేతుల్లో కెమెరా లేకపోవడం చూశాను. బాగున్నానని చెప్పాను.

ఇన్నేళ్ళూ ఒక సాకు పట్టుకుని బతికాను. నిజం చెబితే నసీమా ఎవరినైతే కాపాడిందో వాళ్ళే నొచ్చుకుంటారు, కాబట్టి నేను నోరు మూసుకోవడమే మంచిదని. ఎంత చక్కటి సాకు! కానీ ఆ ఒక్క ఫొటోనే చూశాను, దొంగిలించింది నేనే, ఆమెకేమీ తెలియదని చెప్పి ఉండొచ్చు కదా? అందులోనూ ఒక అబద్ధం ఉండేది. ఆ అబద్ధం ఆమెకు పనికొచ్చేది. నేనాడిన అబద్ధం నాకు పనికొచ్చింది. ఇంత చిన్న దారి ఆరేళ్ళలో నాకు తోచలేదా? తోచలేదో, తోచనివ్వలేదో.

పోయిన వారం ఆ తల్లే మళ్ళీ వచ్చింది. చిన్న కూతురి పెళ్ళట. "ఆయమ్మ కాకుండా వేరే ఆడమనిషి ఎవురన్నా ఉంటే పంపించన్నా. నువ్వైతే నమ్మకం," అంది. నమ్మకం! ఆ తేదీ ఖాళీ లేదన్నాను. నీ షాపు చల్లగా ఉండాలని దీవించి పోయింది. అప్పుడైనా చెప్పాలి కదా? మెట్లు దిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

అప్పటి నుంచి అన్నం సయించడం లేదు. ఇదంతా రాస్తే నసీమా చేతికి కెమెరా రాదని తెలుసు. ఆ తల్లికి ఇంకా ఏమీ చెప్పలేదు. చెబుతానో లేదో, నా మీద నాకే నమ్మకం లేదు. మీరు క్షమించాలని కూడా అడగడం లేదు, అది మీ దగ్గర లేదు.

ఈ ఉదయం పాస్‌పోర్టు ఫొటో దిగడానికి దువ్వూరు నుంచి ఒకాయన వచ్చాడు. ప్రింటు కోసం ఎదురుచూస్తూ బీరువా దగ్గర నిలబడి షీల్డు మీద నా పేరు చదివాడు.

"ఏ ఫొటోకు వచ్చిందన్నా?"

అచ్చం అవే మాటలు. ఆరేళ్ళుగా ఎవరడిగినా గండికోట అనే చెప్పాను.

"నేను తియ్యని ఫొటోకప్పా," అన్నాను.

తమాషా చేస్తున్నాననుకుని ఆయన గట్టిగా నవ్వాడు. నవ్వు ఆగేదాకా ఉండి, "నిజమే చెప్తాండా. మా షాపులో ఒకాయమ్మ తీసింది," అన్నాను. ఆమె యాడుందని అడిగాడు. తల వంచుకుని ఆయన ఫొటోలు కత్తిరిస్తూ కూర్చున్నాను.