పడుగు కట్టిన కారు

ఆ రోజుల్లో నాకు జవాబు తెలియని ప్రశ్న లేదు. నల్లగొండలో రెండేళ్లు చదివి, మా ఊరి గ్రంథాలయంలో హేతువాద చర్చా సంఘం పెట్టినవాణ్ణి. (సభ్యులం ఐదుగురం. అందులో ముగ్గురు చాయ్ కోసం వచ్చేవారు.) దయ్యాలనూ ముహూర్తాలనూ ఓడించాక ఇంకేమీ మిగలక, కట్టంగూరు దగ్గర మగ్గం నేసే మా మేనమామ కారు మీద పడ్డాను.

అది ఒక దొర పందేల కోసం తెప్పించుకున్న రెండు సీట్ల కారు. ఒకప్పుడు రైలును దాటేసిందని చెప్పుకునేవారు. దొర గడీ విడిచి పోతుంటే మామ రెండు మేకలూ ఒక రేడియోనూ ఇచ్చి దాన్ని తెచ్చుకున్నాడు. రెండో మగ్గం వేయాల్సిన జాగాలో అది నాలుగేళ్లుగా కదలకుండా కూర్చుంది. సీట్లో కోళ్లు గుడ్లు పెట్టేవి.

"పాతబడ్డకొద్దీ దీని ధర పెరుగుతది అల్లుడా," అనేవాడు మామ. "మీ అవ్వ పట్టుచీరె జరీకి ఇప్పుడు అంగట్ల ఎంతిస్తరో అడుగు."

"జరీల వెండుంటది మామా, దీంట్ల తుప్పుంది. నడవని బండిని కొలుసుడు, రాయికి మొక్కుడు ఒక్కటే."

"గిట్లాంటియి ఇగ చెయ్యరురా. చెయ్యనిదానికే గిరాకి!"

అత్త నన్ను పక్కకు పిలిచింది. "గంత చదివినవు గద, జర మీ మామకు చెప్పి గీ పీడ వదిలియ్యి. నాకు రెండో మగ్గం పడితె చాలు." దసరా లోపల వదిలిస్తానని మాటిచ్చాను.

ఒక పొద్దున మామ కారును వీధిలోకి తోయించాడు. దాన్ని నడిపించడానికి సూర్యాపేట మిస్త్రీ లారీ బ్యాటరీ పట్టుకుని వస్తున్నాడట. అదే వీధిలో అత్త ఎనిమిది చీరెలకు సరిపడే నిలువు పోగుల పడుగు వీధి పొడవునా సాపి, గంజి పెట్టబోతోంది. పడుగు ఒక కొస కట్టాల్సిన గుంజ విరిగి ఉంది. నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? ఆ కొసను నా చేతులతోనే కారు వెనక బంపర్‌కు బిగించాను.

"సూడు మామా! నాలుగేండ్లకు నీ కారు ఒక పని చేసింది. గుంజ పని! ఇది కదిలితె నా మీసం తీసేస్త."

మిస్త్రీ వచ్చాడు. వీధి వీధంతా కారు ముందు మూగింది. వెనక బంపర్ సంగతి ఎవరికీ గుర్తులేదు. (కట్టినవాడికి అసలే లేదు. అతడు కారు పక్కనే రాయెక్కి వస్తువు విలువ గురించి ఉపన్యసిస్తున్నాడు.) కారు రెండుసార్లు దగ్గి గర్జించింది. సీట్లో ఉన్న మామ సంతోషం పట్టలేక క్లచ్ మీది కాలు తీసేశాడు.

కారు ముందుకు దూకింది. వెనకే పడుగు సాగి, పట్‌పట్‌మని తెగి, గంజితో సహా వచ్చి నా మెడకు చుట్టుకుంది. ఉపన్యాసం అక్కడితో ఆగింది.

"సూసినవా అల్లుడా! గుర్రం లెక్క ఉరికింది!" అంటూ మామ వెనక్కి తిరిగాడు. గంజి కుంచె పట్టుకుని నిలబడ్డ అత్తను చూశాడు. ఇంజను ఆపి, దిగి, దుమ్ములో కూర్చుని తెగిన పోగుల కొసలు వెతకసాగాడు. పది రోజుల కష్టం అది. అత్త తిట్టి ఉంటే బాగుండేది. ఆమె కుంచె పక్కన పెట్టి, నా మెడకు చుట్టుకున్న పోగులు విప్పసాగింది.

సాయంత్రానికి మామే నాతో అన్నాడు: "అమ్మేస్త తియ్యి. నీ మాటే నిలిచె."

మర్నాడు నా మీసం పోయింది, వారంలో కారు పాత ఇనుముగా తూకానికి పోయింది. దసరా లోపలే రెండో మగ్గం లేచింది. వాదంలో ఓడినవాడు తీర్పులో గెలవడం నేను అప్పుడే చూశాను. ఆ తర్వాత మామ నాతో దేని మీదా వాదించలేదు. ఏం చెప్పినా "నువ్వన్నదే నిజం అల్లుడా" అనేవాడు. అంతకంటే పెద్ద శిక్ష ఏ సంఘమూ వేయలేదు.

మొన్న హైదరాబాదులో పాత కార్ల ప్రదర్శనలో అచ్చంగా అలాంటిదే కనిపించింది. చుట్టూ తాడు కట్టారు. "ముట్టుకోకు తాతా," అన్నాడు కాపలా కుర్రాడు. ధర అడిగాను. విని, మళ్లీ అడిగాను. మామది ఏనాడో ముక్కలై కొలిమిలో కరిగిందని నా బుద్ధికి బాగా తెలుసు. అయినా మోకాళ్లు పట్టుకుని వంగి, వెనక బంపర్ కింద చూశాను, గంజి పట్టిన నూలుపోగు ఏదైనా మిగిలిందేమోనని.