ఇంజను సైకిలుకు పాతకాలపు చైను: వినుకొండలో ఒక మధ్యాహ్నం

వినుకొండ నుంచి వచ్చి వారం దాటింది. వీధిలో ఎవరైనా గట్టిగా బ్రేకు వేస్తే ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతోంది. అయినా ఆ ప్రయాణం గురించి రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. వాళ్ళ ఇళ్ళలోనూ ఇంజను బిగించిన సైకిళ్ళున్నాయట. అందుకే రాస్తున్నాను.

మాది నల్లపాడు. మేం దూదేకులం. మా తమ్ముడు మస్తాన్ ఊరూరా తిరిగి పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టిస్తాడు. మోకాళ్ళు అరిగి తొక్కలేక, పోయిన సంవత్సరం సైకిలుకు చిన్న పెట్రోలు ఇంజను పెట్టించుకున్నాడు. ఇంజను బాగానే ఉంది. దాని నుంచి వెనక చక్రానికి పోయే సన్నటి చైనే, దూది మూటల బరువుకు సాగిపోయి తెగుతుండేది. కిందటి నెలలో ఫిరంగిపురం దగ్గర మళ్ళీ తెగింది. ఎండలో సైకిలు నెట్టుకుంటూ ఇంటికొచ్చి, ఇక ఈ పని మానేస్తాను, దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీకి వాచ్‌మన్‌గా పోతానన్నాడు. మా తాత, మా నాన్న చేసిన పని అది. వాడు మానేస్తే మా ఇంట్లో దూది ఏకేవాళ్ళు ఇక లేరు. వినుకొండలో ఒకాయన పాతకాలపు తీరు లావు చైనులు బిగిస్తాడని ఎవరో చెప్పారు. ఇదొక్కటి చూద్దాం, తర్వాత నీ ఇష్టం అని ఒప్పించాను.

సైకిలుతో వెళ్ళేవాళ్ళకు బస్సు కుదరదు. గుంటూరు మిర్చి యార్డులో సరుకు దింపి ఖాళీగా తిరిగిపోయే ట్రాలీ ఆటోలు పొద్దున పూట దొరుకుతాయి. తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని బయలుదేరాం. ఆరున్నర కల్లా ఒకటి దొరికింది. డ్రైవర్ శ్రీను సైకిలుతో సహా ఇద్దరికీ నాలుగు వందలకు ఒప్పుకున్నాడు. నరసరావుపేట మీదుగా మూడు గంటలు పట్టింది. రోడ్డుకు అటు పత్తి, ఇటు మిరప, చూడడానికి ఎంతో బాగుంది. కానీ ఖాళీ బండి అంటే ఖాళీ కాదని అప్పుడే తెలిసింది. చెక్కల సందుల్లో మిగిలిన మిరప దుమ్ము గాలికి లేచి కళ్ళలోకి, ముక్కులోకి వచ్చేది. పేటలో టీ దగ్గర ఆపినప్పుడు శ్రీను మా మొహాలు చూసి, "ముక్కుకు తడిగుడ్డ కట్టుకోండక్కా. మాకైతే అలవాటే, మా ఇంట్లో పిల్లి కూడా తుమ్మదు," అన్నాడు.

ఆ మెకానిక్ కోటయ్య గారి షెడ్డు వినుకొండ బస్టాండు దాటాక మెయిన్ రోడ్డు మీదే ఉంది. ఆయన తళతళలాడే చైను ఒకటి కొత్త ప్యాకెట్టులోంచి తీస్తే ఆశ్చర్యపోయి, పాతదన్నారు కదండీ అని అడిగాను. "తీరు పాతదమ్మా, సరుకు కొత్తది. నిజంగా పాతదైతే మీ సైకిలుకే ఉందిగా," అన్నాడు. ఆ చైను లింకులు పొడవుగా, లావుగా ఉన్నాయి. దానికి సరిపోయే పళ్ళ చక్రాలకు పన్నుకూ పన్నుకూ మధ్య వేలు పట్టేంత సందు ఉంది. చైను మారిస్తే పళ్ళ చక్రాలు కూడా రెండూ మార్చాల్సిందేనట, ఇంజను దగ్గరదీ, వెనకదీ. వెనకదాన్ని రబ్బరు ముక్కలు పెట్టి చక్రం పుల్లలకు బిగించాడు. ఆ రెండు పళ్ళ చక్రాలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో దారం పట్టి చూశాడు. సామానుకూ పనికీ కలిపి మూడున్నర వేలు తీసుకున్నాడు. మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకు పని అయింది.

ఆయన చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు. మా ఇంట్లో కొత్త పనిముట్టు ఏది వచ్చినా ముందు కాస్త ఏకిన దూదితో తుడిచి, బర్కత్ కోసం, అంటే శుభం కలగాలని, ఆ దూదిని దానికే చుట్టి ఉంచుతాం. మా అమ్మ అలాగే చేసేది. బరువు వేసి చూద్దామని వెంట తెచ్చుకున్న దూది మూటలోంచి నేను పిడికెడు తీసి బిస్మిల్లా అని ఇచ్చాను. తమ్ముడు తుడిచి, వెనక పళ్ళ చక్రం మధ్యలో ఇరుసుకు చుట్టాడు. మూట వెనక కట్టుకుని, రోడ్డెక్కి ఇంజను స్టార్ట్ చేశాడు.

అవతలి పాన్ షాపు దాకా కూడా పోలేదు. దూది విడిపోయి చైనులో చిక్కుకుపోయింది. వెనక చక్రం బిగుసుకుపోయి, సైకిలు అడ్డంగా జారింది. వాడు రోడ్డు మీద పడ్డాడు. వెనకే పత్తి లారీ వస్తోంది. చావు ముందు చదివే కలిమా మొదలుపెట్టి, మొదటి మాట దాటకముందే వాడి వైపు పరుగెత్తాను. లారీ ఆగినప్పుడు దాని ముందు చక్రం వాడి చెప్పుకు ఆనుకుని ఉంది.

లారీ డ్రైవర్ దూకి వచ్చి, "ఒరేయ్, చావడానికి నా బండే దొరికిందా?" అని అరిచాడు. అరుస్తూనే తన సీసాలో నీళ్ళు వాడి నోటికి పట్టాడు.

కోటయ్య గారు స్క్రూడ్రైవరుతో నల్లబడిన దూది లాగి, ఇది ఎట్లా వచ్చిందని అడిగాడు. తమ్ముడు ఉన్నది చెప్పాడు. ఆయన ఆ దూదిని వాడి చేతిలోనే పెట్టాడు. తర్వాత, "నిమ్మకాయలు కడతారు, నల్లతాళ్ళు కడతారు. నేనెవరినీ వద్దనను. తిరిగే చోట కట్టకండయ్యా. దేవుడు తిరగని చోట కూడా ఉంటాడు," అన్నాడు.

చైనుకు ఏమీ కాలేదు. ఒక్క పన్నూ వంగలేదు. వాడి అరచేతులు మాత్రం గీసుకుపోయాయి. సైకిలు పట్టుకుని నిలబడి, "అక్కా, నువ్వు వద్దంటే దీన్ని ఇక్కడే వదిలేస్తా. రేపే దాచేపల్లి పోతా," అన్నాడు.

వద్దనాలనే ఉంది నాకు. వాచ్‌మన్ కుర్చీలో కూర్చుంటే లారీ కింద పడడు కదా. కానీ ఆ మాట వాడి కోసం కాదు, నా గుండె దడ తగ్గడం కోసం అంటున్నానని అనిపించింది.

"భయంగా ఉందిరా. వద్దని మాత్రం అనను," అన్నాను.

వాడు చేతులు కడుక్కుని, సైకిలు మీదే ఇంటికి వస్తానని చెప్పి ఎక్కాడు. మలుపు తిరిగాక కూడా ఇంజను చప్పుడు చాలాసేపు వినిపించింది. నేను బస్టాండుకు పోయి గుంటూరు బస్సెక్కి, తస్బీహ్ పూసలు తిప్పుతూ కిటికీలోంచి ప్రతి సైకిలునూ చూస్తూ కూర్చున్నాను. నరసరావుపేట ఇంకా రాకముందే, రోడ్డు పక్కన ఒక ఇంటి ముందు కనిపించాడు. అరుగు మీద పాత పరుపు ఒకటి పరిచి ఉంది. దాన్ని తడిమి చూస్తూ ఇంటావిడతో బేరమాడుతున్నాడు. బస్సు వైపు తలెత్తి చూడనే లేదు.

మా అమ్మ కాలంలో పనిముట్లు చెయ్యి ఆగితే ఆగేవి. వాటికి దూది చుట్టినా ప్రమాదం లేదు. అదే ప్రేమతో ఇంజనుకు చుట్టాం, అది ఆగలేదు. మంచి కోరి చేసిన పని మనిషిని లారీ ముందు పడేయగలదని నాకు యాభై ఏళ్ళకు తెలిసింది. ఆ దిగ్భ్రమ ఇంకా తీరలేదు. వాడు మాత్రం రోజూ పొద్దున్నే బండి తీసుకుని పోతున్నాడు. వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. చైను బిగించాక వెనక చక్రం నేలకు తగలకుండా స్టాండు మీద నిలబెట్టి, మీ కళ్ళ ముందే ఇంజనుతో కాసేపు తిప్పించి చూడండి. ఆ తర్వాతే రోడ్డెక్కించండి.