నేను పీకని ప్లగ్గు

నిన్న మధ్యాహ్నం తార్నాకలో మా ఇంట్లో కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ తనంతట తానే లేచి 'బీప్'మని కూసింది. నలభై దాటిన మనిషిని, అయినా ఆ కూత వింటే గుండె జారిపోతుంది. అప్పుడు నాకు యాదగిరి సార్ గుర్తొస్తారు.

ఆయన మా యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లో టెక్నీషియన్. మౌలాలి నుంచి సైకిల్ మీద వచ్చేవారు. పొద్దున్నే ఒక్కో మిషన్‌లో మదర్‌బోర్డు చూపించే వివరాలు తెరిచి, వేడి ఎంతుంది, ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోంది అని నోట్‌బుక్‌లో రాసుకుంటేగాని ఎవర్నీ కూర్చోనిచ్చేవారు కాదు. "ముందుగాల దాని పానం ఎట్లున్నదో చూడు బిడ్డా, తర్వాత నీ పని" అనేవారు. మాది కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఉద్యమం రోజుల్లో క్యాంపస్‌లో నోరు విప్పాలంటే నాకు భయం, యాస పట్టిస్తుందని. ఆయన ఏనాడూ నా యాసను పట్టించుకోలేదు. పనిలో తప్పు చేస్తే మాత్రం ఊరుకునేవారు కాదు.

నా థీసిస్ లెక్కలు వారాల తరబడి నడిచేవి. కరెంటు పోయి వచ్చినా మిషన్లు వాటంతటవే మొదలై, ఆగినచోటు నుంచి లెక్క అందుకునేలా సెట్టింగ్ పెట్టమని ఆయన ప్రాణం తోడేసింది నేనే. పది మిషన్లకూ పెట్టారు.

ఒక మధ్యాహ్నం బయట టియర్‌గ్యాస్ పేలింది. పరుగులు, కేకలు. సార్ కిటికీలు మూసి, తలుపు గడియపెట్టి, నన్ను బల్ల కిందికి తోశారు. అంతలో కరెంటు పోయింది. పోలీసులు వరండాలో ఒక్కో గదీ వెతుకుతూ, దొరికిన విద్యార్థులను ఈడ్చుకుపోతున్నారు.

సార్ నా చెవి దగ్గర గొణిగారు. "కరెంటొస్తే అన్ని ఒక్కసారే కూస్తయ్. ప్లగ్గులు పీకు. గా వరుస నీది, గీ వరుస నాది."

పాకుతూ వెళ్ళి నాలుగు పీకాను. ఐదోది నా మిషన్. ఈ గది మళ్ళీ ఎన్నాళ్ళకు తెరుస్తారో తెలియదు, పీకితే అన్నాళ్ళూ లెక్క ఆగిపోతుంది, థీసిస్ ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. అడుగుల చప్పుడు కూడా దూరమైనట్టే ఉంది. వదిలేశాను.

"అయిందా?" అన్నారు సార్.

"అయింది."

కరెంటు వచ్చింది. ఒక్క కూత. దూరమైన అడుగులు ఆగి, వెనక్కి వచ్చాయి. సార్ నా వంక చూడనైనా చూడకుండా లేచి, బయటికెళ్ళి, తలుపుకు తాళం వేశారు.

"నేనొక్కణ్నే ఉన్న సార్, టెక్నీషియన్ని. మిషన్లు చూస్తున్న."

తర్వాత లాఠీ చప్పుడు. చెవులు మూసుకున్నాను, సిగ్గులేకుండా. సాయంత్రం అటెండర్ వచ్చి తాళం తీసేదాకా బల్ల కిందే ఉన్నాను.

చాలా రోజులకు సార్ కుడిచేతికి కట్టుతో వచ్చారు. ఆయన చదువుతుంటే నోట్‌బుక్‌లో నేను రాశాను. నా మిషన్ దగ్గర ఆగారు. లెక్క పూర్తయి ఉంది.

"నీ పని అయినట్టున్నది, మంచిదే. ఆ దినం ఆగమాగంల ఇదొక్కటి మర్చిపోయినవ్ గద?"

"అవును సార్, మర్చిపోయాను."

తల ఊపి పక్క మిషన్‌కు వెళ్ళారు. ఆ చేత్తో స్క్రూడ్రైవర్ మళ్ళీ సరిగా పట్టుకోలేకపోయారు. ఆయన పోయి నాలుగేళ్ళు. ఎవరైనా నన్ను "డాక్టర్ గారూ" అని పిలిస్తే ఇప్పటికీ చెప్పాలనిపిస్తుంది, మర్చిపోలేదు సార్ అని.