ఆదివారం నాడు స్టోర్నోవేలో చూడదగినవి

నా భార్య దీనమ్మ ఏనాడూ స్టోర్నోవే వెళ్ళలేదు. కానీ ఆ రేవులో ఓడ దిగినవాళ్ళు బస్సు ఎక్కడ ఎక్కాలో, కోటలోని మ్యూజియం ఏ నెలలో ఎన్నింటికి తెరుస్తారో, సీల్స్ ఏ గట్టు దగ్గర తల పైకెత్తి చూస్తాయో పదకొండేళ్ళ పాటు ఎంతమందికో చెప్పింది. స్కాట్లాండుకి పడమటి సముద్రంలో ఉన్న ఒక దీవిలోని రేవు అది. ఆ దీవిలో ఊరు అనదగ్గది స్టోర్నోవే ఒక్కటే. దీనమ్మ ఇవన్నీ చెప్పింది న్యూజెర్సీలోని పిస్కాటవేలో, మా అపార్ట్‌మెంట్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని.

ఆమెది కాకినాడ జగన్నాథపురం. వాళ్ళ నాన్న పోర్టులో టగ్ బోటు సరంగు. ఒకసారి ఏదో ఓడలో వచ్చిన ఇంజనీరు ఆయనకి తన ఊరు స్టోర్నోవే పోస్టుకార్డు ఇచ్చాడట. నీలం నీళ్ళు, వరసగా చేపల పడవలు, అవతలి ఒడ్డున చెట్ల మధ్య కోట. వెనక ఏమీ రాసి లేదు. సరంగు గారు దాన్ని కూతురి అట్లాసులో పెట్టారు. ఆ అట్లాసు చదివిన పిల్ల జాగ్రఫీ టీచరైంది. పెళ్ళయి 2009లో నాతో అమెరికా వచ్చేటప్పుడు సూట్‌కేసు బరువు ఎక్కువైతే రెండు పట్టుచీరలు తీసేసింది గాని అట్లాసు తియ్యలేదు.

నాది హెచ్-1బి, ఆమెది హెచ్-4. నా మీద ఆధారపడ్డ ఆ వీసాతో అప్పట్లో ఉద్యోగం చెయ్యడానికి లేదు. పాఠం చెప్పే నోరు ఊరుకోదు కదా. నేను ఆఫీస్‌కి వెళ్ళాక గూగుల్ మ్యాప్‌లో పసుపు బొమ్మ మనిషిని స్టోర్నోవే రోడ్డు మీద దించి నడిపించేది. సాయంత్రం నేను వచ్చేసరికి, "ఇవాళ స్మారకం దాకా నడిచానండీ, కాళ్ళు పీకుతున్నాయి" అనేది. నేను నిజంగానే కాళ్ళు పట్టబోతే నవ్వేది.

ఆ స్మారకం గురించి మా చర్చిలో ఆడవాళ్ళందరికీ చెప్పింది. 1919 జనవరి ఒకటో తేదీ తెల్లవారకముందు, యుద్ధం ముగించుకుని ఇంటికొస్తున్న నావికుల ఓడ రేవు ముంగిట రాళ్ళకు కొట్టుకుంది. ఒడ్డు ఇరవై గజాలే. రెండు వందల మంది మునిగిపోయారు. ఒకతను నడుముకో చేతికో తాడు చుట్టుకుని ఈదాడు, ఆ తాడు పట్టుకుని నలభై మంది దాకా బతికారు. ఆ తాడు సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు క్లాసులో టీచరు గొంతైపోయేది.

ప్రయాణికులు ప్రశ్నలు అడిగే ఒక వెబ్‌సైటులో ఆమె జవాబులు రాయడం మొదలుపెట్టింది. ఎనభై ఏళ్ళ తన తండ్రి స్మారకం దాకా నడవగలడా అని ఎవరో అడిగితే, పైనుంచి తీసిన ఫొటోలో దారి కొలిచి, మలుపులు లెక్కబెట్టి, నేల తడిగా ఉంటుంది, బూట్లు వేయించండి అని రాసింది. మ్యూజియం వేళల్లో అనుమానం వస్తే వాళ్ళకే మెయిల్ చేసి కనుక్కునేది. అందరూ ఆమె అక్కడే ఉంటుందనుకున్నారు. మా అమ్మాయి ఎలీనాకి అది నచ్చేది కాదు.

"అమ్మా, నువ్వు అక్కడికి నెవర్ వెళ్ళలేదు. దట్స్ లైయింగ్."

"వెళ్ళానని ఎక్కడ రాశానే? బస్సు ఎక్కడ ఆగుతుందో రాశాను. అది ఆగేది అక్కడే కదా."

వెళ్దామని ఆమె నన్నెప్పుడూ అడగలేదు. అడగకముందే నా దగ్గర జవాబుండేది: గ్రీన్ కార్డ్ వచ్చాక. మంచి సోఫా గ్రీన్ కార్డ్ వచ్చాక. ఎలీనాకి కుక్కపిల్ల గ్రీన్ కార్డ్ వచ్చాక. మాలాంటివాళ్ళందరి ఇళ్ళలోనూ వినిపించే మాటే ఇది. నా పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా గడువు ఎప్పుడో దాటింది. ఇక్కడ ఉన్నంతకాలం ఫరవాలేదు. దేశం దాటితే మాత్రం ఏదో ఒక కాన్సులేట్‌లో మళ్ళీ వీసా స్టాంపింగ్ చేయించుకుంటేనే లోపలికి రానిస్తారు. మా టీమ్‌లోని జితేందర్ రెండు వారాలకని హైదరాబాద్ వెళ్ళి, వీసా పరిశీలనలో ఉందంటూ ఆపేస్తే ఏడు నెలలు అక్కడే చిక్కుకున్నాడు. ఉద్యోగం పోయింది. ఆ ఏడు నెలలూ అతను పెట్టిన మెసేజులన్నీ నేను చదివాను.

2023 జనవరిలో దీనమ్మకి అండాశయ కాన్సర్ అన్నారు. ఆగస్టుకి రెండో రకం మందు కూడా పనిచెయ్యడం లేదని తేలింది. ఎక్కడికైనా వెళ్ళాలని ఉంటే ఈ ఆకురాలే కాలంలోనే వెళ్ళిరండని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. పార్కింగ్ లాట్‌లో నేను కారు స్టార్ట్ చెయ్యకుండా కూర్చున్నాను.

"ఏవండీ, ఆవిడన్నది అర్థమైందా?" అంది దీనమ్మ.

అర్థమైందన్నాను.

"ఒక్క వారం. వెళ్ళొచ్చేద్దాం."

పద్నాలుగేళ్ళలో ఆమె నన్ను అడిగింది ఆ ఒక్కటే. బ్రిటన్ వీసాకి ఇద్దరికీ అప్లై చేశాను. వేలిముద్రలిచ్చాం, పాస్‌పోర్ట్‌లు పంపాం. చర్చిలో మా ప్రయాణం కోసం ప్రార్థన చేశారు. ఎలీనాది అమెరికా పాస్‌పోర్ట్, దానికి ఏ బాధా లేదు. దీనమ్మ ఏ రోజు ఏది చూడాలో ఒక నోట్‌బుక్కులో రాసుకుంది. ఆదివారం పేజీ దగ్గర మాత్రం, "అన్నీ మూసేస్తారు. మన ఊరే" అని రాసుకుంది. వాళ్ళ నాయనమ్మ ఆదివారం పొయ్యి కూడా వెలిగించేది కాదట.

సెప్టెంబరు పద్నాలుగున కొరియర్ వచ్చింది. దీనమ్మ పడుకుని ఉంది. కవరు విప్పాను. ఇద్దరికీ వీసా వచ్చింది. ఆరు నెలలు.

నాకు సంతోషం కలగలేదు. లండన్‌లో స్టాంపింగ్ అపాయింట్‌మెంట్లు చూశాను, దగ్గర్లో ఒక్కటీ లేదు. ఇండియాలోనూ లేవు. అక్కడే ఆగిపోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో ఇన్సూరెన్స్ పోతుంది. ఇన్సూరెన్స్‌తో ఆసుపత్రి. నొప్పికి ఇచ్చే మందు కూడా. ఎలీనా ఇక్కడ, మేము ఎక్కడో. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఏది ఎక్కడ విరుగుతుందో ముందుగా ఊహించడమే నా పని. ఆ పగలంతా అదే ఊహించాను. నిలబడేది ఏదైనా ఉందా అని ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. పాస్‌పోర్ట్‌లు రెండూ హాల్లో కోట్లు పెట్టే అరలో, నా పాత స్నో బూట్ల డబ్బాలో పెట్టాను.

సాయంత్రం ఆమె చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. వీసా రిజెక్ట్ అయిందన్నాను.

"ఇద్దరికీనా?"

"ఇద్దరికీ."

"ఎందుకో రాసి కాగితమేదైనా ఇచ్చారా?"

మెయిల్ వచ్చిందన్నాను. ఆమె ఇంకో నాలుగు కాయలు ఒలిచింది.

"పోనీలెండి. అక్కడ చలి" అంది.

ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. నేను ప్రతి ఉదయం ఇవాళ చెప్పేద్దామనుకునేవాణ్ణి. అక్టోబరులో ఇంకా నడిచేది. నవంబరులో గోడ పట్టుకుని నడిచేది. ఇవాళ చెప్పినా ఇక వెళ్ళగలిగే స్థితిలో లేదు కదా అని ఒక రోజు అనిపించింది. ఆ రోజు నాకు కొంచెం ఊరట కలిగింది. ఈ మాట రాయడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

డిసెంబరులో ఆ వెబ్‌సైటులో ఒక ప్రశ్న వచ్చింది. శనివారం రాత్రి ఓడ దిగి సోమవారం తెల్లారే వెళ్ళిపోతాం, మాకు ఉన్నది ఆదివారం ఒక్కటే, ఏం చూడాలి? అప్పటికి దీనమ్మకి టైప్ చేసే ఓపిక లేదు. పడుకుని చెప్తుంటే ఎలీనా రాసింది. మ్యూజియం, దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి, విసుక్కోకండి. చర్చి బయట నిలబడి వినండి. ఒకాయన ఒక వరస ఎత్తుకుంటాడు, వెనక అందరూ ఎవరికి తోచిన వేగంతో వాళ్ళు అందుకుంటారు, అల వచ్చినట్టుంటుంది. తర్వాత స్మారకం దాకా నడవండి. ఆ దారి ఎవరూ మూయరు. బూట్లు మరిచిపోకండి.

నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ఆమె నన్ను చూసింది. నేను నీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళాను.

జనవరి పంతొమ్మిదిన దీనమ్మ చనిపోయింది.

ఫిబ్రవరిలో ఆమె పాస్‌పోర్ట్ రద్దు చేయించడానికి ఇండియన్ కాన్సులేట్‌కి పంపాల్సి వచ్చింది. బూట్ల డబ్బా తీశాను. పాస్‌పోర్ట్ తెరిస్తే వీసా ఉన్న పేజీలో వాళ్ళ నాన్న ఇచ్చిన పోస్టుకార్డు ఉంది. నీలం నీళ్ళు, పడవలు, కోట. వెనక తిప్పి చూశాను. ఎప్పటిలాగే ఖాళీ. ఆమె ఏమీ రాయలేదు.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. స్కూలు నుంచి వచ్చిన ఎలీనా నన్నూ డబ్బానీ చూసింది. చెప్పబోయాను.

"నాకు తెలుసు డాడీ. నవంబర్లో, థాంక్స్‌గివింగ్ ముందు అమ్మ నా స్నో బూట్స్ వెతికింది కదా. అప్పుడు."

"నీకు చెప్పిందా?"

"చూపించింది. నేను గట్టిగా యెల్ చేశా. ఇప్పుడే డాడీకి కాల్ చేస్తా అన్నా. వద్దంది. డాడీ ఆల్రెడీ మునుగుతున్నాడు, మనం ఇంకా తొయ్యొద్దు అంది." బ్యాగు దించి గోడకు ఆనుకుంది. "నాకు ఇంకా కోపమే. అమ్మ వద్దంది కాబట్టి అడగలేదు. అంతే."

నేను క్షమించమన్నాను.  అది పోస్టుకార్డు ఇమ్మంది, ఇచ్చాను. తీసుకుని తన గదిలోకి వెళ్ళింది.

నా పాస్‌పోర్ట్‌లో వీసాకి ఇంకా మూడు వారాలుంది. ఆ మూడు వారాలూ రోజూ విమానాలు చూశాను. రోజూ స్టాంపింగ్ తేదీలు కూడా చూశాను. అవి అలాగే ఉన్నాయి, నేనూ అలాగే ఉన్నాను. మార్చిలో గడువు తీరిపోయింది. నేను వెళ్ళలేదు. భయం ఆమె కోసమేనని అనుకుంటూ వచ్చాను. ఆమె పోయాక కూడా అది నాతోనే ఉంది.

ఏప్రిల్‌లో ఆ ఆదివారం మనిషి దీనమ్మ జవాబు కింద రాశాడు. చర్చి బయట నిలబడ్డామనీ, లోపలికి రమ్మన్నారనీ, ఆ పాట విని తన భార్య ఏడ్చిందనీ, తర్వాత స్మారకం దాకా నడిచామనీ, బూట్ల సలహా రక్షించిందనీ రాశాడు. చివర ఒక ప్రశ్న. మీ ఇల్లు ఏ వీధిలో? కలిసి కృతజ్ఞతలు చెబుదామని ఊరంతా అడిగాం, ఎవరికీ తెలియదన్నారు.

ఆ సందేశం ఎలీనా చూసి లాప్‌టాప్ నా ముందు పెట్టింది. నువ్వే రాయి అన్నట్టు నిలబడింది. ఆవిడ మీ ఊరు ఎప్పుడూ రాలేదు, జనవరిలో చనిపోయింది అని ఇంగ్లీషులో రాసి పంపాను. ఎందుకు రాలేదో రాద్దామని మొదలుపెట్టి చెరిపేశాను. అక్కడ రాయలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను. వీసా వచ్చింది. నేనే దాచాను.